పగులు మీద కాగితం

అరవైల చివర్లో తార్నాకలో నేను అద్దెకున్న గదిని ఆనుకొని పక్కింటాయన సెల్లారు కోసం లోతుగా గొయ్యి తవ్వించాడు. మట్టి జారకుండా చెక్కపలకలు, వాసాలు పెట్టి ఊతమివ్వమని చెప్పాను.

"మొరం గట్టిగనే ఉన్నది. నువ్వు పోయి చదువుకోరాదు!" అన్నాడు.

ఒళ్లు మండింది. యూనివర్సిటీలో నేను చదివేదే సివిల్ ఇంజనీరింగ్! అప్పటికే నేను రాత్రిళ్లు పడుకునే వరండా గోడ సన్నగా పగిలింది. గోడ కదిలితే చిరుగుతుందని పగులుకు అడ్డంగా కాగితం ముక్క అంటించాను. క్లాసులో కూర్చున్నా ధ్యాసంతా దానిమీదే. సాయంత్రం క్యాంపస్ నుంచి దాదాపు పరుగెత్తుకొచ్చి చూసేవాణ్ణి. కాగితం చెక్కుచెదరలేదు. రోజూ అంతే. నా పుస్తకాల మీదే నాకు అనుమానమొచ్చింది.

ఒకరోజు క్లాసు లేక మధ్యాహ్నమే వచ్చేసరికి, ఇంటి ఓనరమ్మ మైదా ఉడికించిన గిన్నెతో ఆ పగులు ముందు నిలబడి ఉంది.

"దినాం చినుగుతున్నది బిడ్డా. సూడనీకి మంచిగ లేదని కొత్తది అంటిస్తున్న," అంది.

ఇన్నాళ్లూ నేను ధైర్యంగా ఆ గోడ పక్కన పడుకున్నది ఆమె మైదాపిండిని నమ్ముకొని.