మేస్త్రీ నా చేతిలో పెట్టిన తాళంచెవి

ఆర్కిటెక్టునయ్యాక సైటుల మీద నేను నేర్చుకున్న మొదటి విద్య నీళ్ళు తాగకపోవడం. ఆదోనిలో బయలుదేరే ముందు కాఫీ కూడా మానేసేదాన్ని. ఊళ్ళోవాళ్ళకి పడకగదికొక బాత్రూము గీసిచ్చే మనిషిని, సాయంత్రం దాకా బిగబట్టుకుని నిలబడేదాన్ని. సిగ్గు. ఎవరితో చెప్పుకోను?

నిరుడు ఎండాకాలం ఎమ్మిగనూరు దగ్గర సైటులో ఆ విద్య పనిచేయలేదు. ఇంటి యజమాని ఎంతకీ రాడు, ఆయన వచ్చేదాకా నేను కదలడానికి లేదు. పొత్తికడుపులో నొప్పి మొదలైంది. చుట్టూ పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేలు, చాటుకి ముళ్ళకంప కూడా లేదు. సిమెంటు తట్టలు మోసే నలుగురు ఆడవాళ్ళలో పెద్దామె నా ముఖం చూసి కనిపెట్టింది.

"ఏంమా, పోవల్లనా?"

తలూపాను. ఇటుకల కుప్ప వెనక్కి తీసుకుపోయి, నలుగురూ అటు తిరిగి పాత చీర అడ్డం పట్టుకున్నారు.

"నిదానంగా కానీమా, మేముండాం" అంది పెద్దామె.

లేచాక అడిగాను, మరి మీరెట్లా అని.

"తెల్లారకముందు ఇంటికాడ. మళ్ళా పొద్దు గుంకినాంక. అందుకే నీళ్ళు తాగం మా."

అసలు సిగ్గు అప్పుడు వేసింది. రోజూ చూసే మనుషులే. నా బాధ నాకే ఉందనుకున్నాను గానీ, తట్ట నెత్తిన పెట్టుకుని వీళ్ళూ అదే పడుతున్నారని తోచలేదు. గీసేది నేనేనాయె. పునాది కంటే ముందు నాలుగు రేకులతో ఒక గది గీయడానికి నాకేం అడ్డమొచ్చింది?

తర్వాతి సైటుకీ అక్కడ పనిచేయించిన మేస్త్రీ, ఆ ఆడవాళ్ళ జట్టే వచ్చారు. ముందు మరుగుదొడ్డి కట్టమన్నాను.

"ఎవురికి మేడం, మీకా?" అన్నాడు మేస్త్రీ.

కూలివాళ్ళకి అని చెబితే నవ్వేస్తాడనిపించింది. "అవును, నాకే" అన్నాను.

రెండు రోజుల్లో లేపాడు. తాళం వేసి, తాళంచెవి అందరి ముందూ నా చేతిలో పెట్టాడు.

"ఇంకెవురూ పోకుండా సేసినా మేడం."

పక్కనే తట్టతో నిలబడిన పెద్దామె విన్నది. మధ్యాహ్నం వాళ్ళు సద్దిమూటలు విప్పుకుంటుంటే పోయి తాళంచెవి ఆమెకిచ్చాను, ఇది మీకోసమే కట్టించానని చెప్పాను. తీసుకుని కొంగున ముడేసుకుంది.

"మాకోసమని ఆయప్పకు సెప్పేకి నామోషీ అయిందా మా?" అంది.

కోపంగా కాదు, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు మామూలుగానే అడిగింది. నాకు చీర అడ్డం పట్టిననాడు ఆమెకేమీ నామోషీ కాలేదు.