వెనకనుంచి పట్టుకునే మనిషి

ఆయన్ని వీధిలో కలగూరగంప మాస్టారు అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఆయన మలుపు తిరిగాక. కుస్తీ కొంత, బాక్సింగ్ కొంత, జూడో కొంత, కరాటే కొంత తెచ్చి ఒకే గంపలో పోశాడని ఆ పేరు. నవ్వినవాళ్లలో ఒక్కడికీ పిడికిలి సరిగ్గా బిగించడం రాదు, అది వేరే సంగతి.

వయసులో ఉండగా ఆయన బట్టల గోదాములో కాపలా ఉద్యోగం చేసేవాడు. ఒకరోజు బేళ్ల మధ్య సందులో దొంగ ఎదురుపడ్డాడు. కుస్తీపట్టుకి వంగుదామంటే చోటు లేదు, కాలెత్తి తన్నుదామంటే బేళ్లు అడ్డం. ఈనెపుల్లలాంటి దొంగ రెండు వాయించి తన దారిన తాను పోయాడు. ఇన్నాళ్లూ చేసింది నేల విడిచిన సాము అని ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరలో ఏ విద్యలోని ఏ ముక్క పనికొస్తుందో ఏరడం మొదలుపెట్టాడు.

ఏరడానికి ఇరుకు చోటు కావాలి, పట్టుకునే మనిషి కావాలి. ఇంట్లో ఇరుకు చోటు వంటిల్లు. మనిషి, ఆయన భార్య.

"ఓసారి వెనకనుంచి వచ్చి పట్టుకోవే."

"లోకంలో మొగుణ్ణి వెనకనుంచి పట్టుకునేది తన్నులు తినడానికా? ఉండండి, స్టౌ కట్టేసి వస్తా."

వచ్చేది, పట్టుకునేది. ఆయన కుడివైపుకి తిరిగి, ఆవిడ కుడిచేతి కిందనుంచి పాములా జారిపోయేవాడు. "చూశావా!" అనేవాడు. "చూశా, కూర మాడింది" అనేది. అలా ఏళ్ల తరబడి ఆ వంటగట్టు పక్కన ఒక విద్య తయారైంది.

టైర్ల కొట్టు మీద హాలు అద్దెకి తీసుకుని దాన్ని నేర్పాడు. తప్పించుకోవడమే కాదు, పట్టుకోవడమూ ఆయనే నేర్పేవాడు. ఎడమచెయ్యి ఛాతీ మీదుగా, కుడిచెయ్యి నడుం దగ్గర. వేరేలా పట్టుకుంటే "పట్టు తప్పు!" అని కసిరేవాడు. అందరూ ఆయన చెప్పినట్టే పట్టుకున్నారు కాబట్టి అందరూ ఆయన చెప్పినట్టే విడిపించుకున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఊరికే అన్నారా? మగవాడి గర్వం ఇంటి కప్పులాంటిది. చిల్లు పడ్డ సంగతి కింద తడిసేవాళ్లకి తెలియాలి గానీ దానికేం తెలుస్తుంది!

భార్య జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆయన ఒక బస్తాకి పాత చొక్కా తొడిగి వంటింటి గుమ్మానికి వేలాడదీసుకున్నాడు. బస్తాని గుద్దచ్చు, విసిరేయచ్చు, దాంతో మాట్లాడనూ వచ్చు. వెనకనుంచి వచ్చి పట్టుకోమంటే మాత్రం పట్టుకోదు. హాల్లో శిష్యులు పలచబడ్డారు. టైర్ల కొట్టాయన పై హాలు కూడా సామాన్లకి వాడుకుంటానని చెప్పేశాడు.

అలాంటప్పుడు పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. తాగొచ్చినవాళ్లూ, మతి చెడిన రోగులూ నర్సుల మీద పడుతున్నారు. నర్సులకి తప్పించుకోవడం నేర్పమన్నారు. అయితే ముందు హెడ్ నర్సు చూసి సరేననాలి. ఆవిడ సరేనంటే ఆయనకి రోజూ వెళ్లడానికో చోటు ఉంటుంది. కాదంటే బస్తాయే గతి.

ఆవిడ మెడ మీద కమిలిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది. నర్సులంతా గోడవారగా నిలబడ్డారు. "పట్టుకోమ్మా" అని మాస్టారు వీపు చూపించాడు. మొన్న ఓ రోగి తన్నెలా పట్టుకున్నాడో ఆవిడ అలాగే పట్టుకుంది, కుడిచేత్తో గొంతు చుట్టూ, గట్టిగా. ఆయన అలవాటుగా కుడివైపుకి తిరిగాడు. గొంతు ఇంకా బిగుసుకుంది. మళ్లీ తిరిగాడు. కళ్లు బైర్లు కమ్మాయి. ఇక చాలన్నట్టు చేతిమీద తడితే ఆవిడే వదిలింది.

"పట్టు తప్పు" అన్నాడు దగ్గుతూ.

"మొన్న నన్ను పట్టుకున్నవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మాస్టారూ."

గోడవారనుంచి కిసుక్కుమన్నారు. ఆయన చెప్పులేసుకుని ఇంటికొచ్చాడు.

వంటింట్లో నిలబడ్డాడు. టీ పెట్టుకుందామని పొడి డబ్బా కోసం వంగాడు. ఇన్నేళ్లుగా వంగుతూనే ఉన్నాడు. ఆవేళ ఎందుకో తలెత్తి చూశాడు. పై అర ఖాళీ. దాని మీద అర కూడా ఖాళీ. ఉప్పు, పప్పు, చక్కెర, అన్నీ భుజానికి కిందే. పెళ్లయిన కొత్తలో ఆవిడ స్టూలు మీదనుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకుంది. తర్వాత నయమైపోయిందంది. ఆయన సరేననుకున్నాడు. ఆ చెయ్యి భుజం దాటి ఎన్నడూ లేవలేదు. ఎత్తలేని చేతికిందనుంచి జారిపోతూ అది తన ప్రతాపం అనుకున్నాడు ఈ మహానుభావుడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాడు.

"అమ్మా, నిన్నటిలాగే పట్టుకో. నేను చెప్పినట్టు కాదు, వాడు పట్టుకున్నట్టు."

"మళ్లీ ఊపిరాడకపోతే?"

"ఆసుపత్రిలోనే ఉన్నాం కదా."

గడ్డం లోపలికి దించి, రెండు చేతులతో ఆ చేతిని కిందికి గుంజి, బరువంతా కిందికి జార్చి, ఎడమవైపుకి. మొదట్లో కుదరలేదు. ఒళ్లు పాత అలవాటున కుడివైపే పోయేది. కుదిరేదాకా ఆవిడ పట్టుకుంది, వాళ్లూ వీళ్లూ పట్టుకున్నారు. కుదిరాక ఒక్కొక్కరికీ నేర్పాడు. పొట్టి నర్సొకతి తనకి రెండింతలున్న వార్డుబాయ్ చేతిలోంచి విడిపించుకుని చప్పట్లు కొట్టింది. హెడ్ నర్సు సరేనంది.

"మరి మొదటిరోజు మీరు తిరిగిన ఆ కుడివైపుది మాకు నేర్పరా?" అని పొట్టిది అడిగింది.

"అది బయట పనికిరాదమ్మా. ఇంట్లో వాడుకునేది."

"ఇంట్లో ఎవరితో కుస్తీ మాస్టారూ!" అని అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

సాయంత్రం ఇంటికొచ్చి టీకి నీళ్లు పెట్టాడు. గుమ్మంవైపు వీపు పెట్టి, వెనకనుంచి చేతులు దూరేంత ఎడంగా మోచేతులు ఉంచుకుని నీళ్లు మరిగేదాకా నిలబడ్డాడు. మరిగాయి. స్టౌ కట్టేశాడు. పొడి డబ్బా చేతిలో ఉంది. పై అర చేతికందే ఎత్తులోనే ఉంది. ఆయన వంగి డబ్బాని కింది అరలోనే పెట్టాడు.