డ్రీకా పడవెక్కిన ఆదివారం

మా అత్తగారు డ్రీకాకి డెబ్భై తొమ్మిదేళ్ళు. ఆవిడకి ఈ భూమ్మీద గిట్టనివి రెండే రెండు. ఒకటి చల్లారిన కాఫీ, రెండోది నా పడవ.

వారమంతా నేను మా డెన్ బోస్ ఊళ్ళో బస్సు నడుపుతాను. ఆదివారాలు మాత్రం డీజ కాలువలో పడవ నడుపుతాను, అదీ ఊరికే, సరదాకి. మా కాలువ ఇళ్ళ కిందనించి, వీధుల కిందనించి పోతుంది. కొన్నిచోట్ల కూర్చుని కూడా తల వంచాలి, లేకపోతే ఇటుకల కమాను మొట్టికాయ వేస్తుంది. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వచ్చి ఎండలో బారులు తీరతారు. మా అత్తగారు ఒక్కసారి ఎక్కితే ఒట్టు.

"ఊరందరికీ డాక్టర్లు, ఇంజనీర్లు అల్లుళ్ళుగా దొరికారు. నాకేమో మురుక్కాలవలో తిరిగేవాడు దొరికాడు" అంటుంది, నా ముందే, నా ఇంట్లోనే, నేను కలిపిచ్చిన కాఫీ తాగుతూ. "ఆ కంపులో పుట్టి ఆ కంపులో పెరిగాను. మళ్ళీ దాన్ని చూడ్డానికి టికెట్టా?"

కంపు మాట నిజమే. ఇప్పుడు చేపలు తిరిగే ఈ నీళ్ళు ఆవిడ చిన్నప్పుడు ఊరి మురుగు. కాలువ మీదికి కట్టిన రెండు గదుల ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళ మరుగుదొడ్డంటే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న గూడు, అందులో ఒక చెక్క, చెక్కకో కంత, కంత కింద కాలువ. అంతే. పద్నాలుగో ఏట చుట్టల ఫ్యాక్టరీలో చేరి, చుట్టకో కాగితం పట్టీ అంటిస్తూ యవ్వనమంతా గడిపింది. పెళ్ళి చేసుకుంది, నా భార్య లిసెట్‌ని కంది, మొగుణ్ణి సాగనంపింది. రోజూ పొద్దున్నే పెద్ద చర్చిలో మేరీమాత ముందు కొవ్వొత్తి వెలిగించి, అక్కణ్ణించి నేరుగా రొట్టెల దుకాణానికి వెళ్ళి ఊరందరి గుట్టూ విప్పుతుంది. భక్తికి భక్తి, కబుర్లకి కబుర్లు.

అలాంటి మనిషి పోయిన వసంతంలో పెద్దవాళ్ళ బస్సు యాత్రలో రైన్ నది చూడ్డానికి వెళ్ళి, పక్క సీట్లో కూర్చున్న బేరెండ్ గారితో స్నేహం కట్టి వచ్చింది. ఆయనది ఉత్తరాన గ్రోనింగెన్. భార్య పోయింది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. తాటిచెట్టంత పొడుగు. యాత్రలోనూ టై తీయలేదట. అప్పట్నించీ సాయంత్రమైతే ఫోన్. ఒకరోజు లిసెట్ నా చెయ్యి పట్టుకుని వంటింటి గుమ్మం దాకా లాక్కెళ్ళింది. "నౌట్, విను! మా అమ్మ సిగ్గుపడుతోంది!"

విన్నాను. సిగ్గే.

అయితే ఆ సిగ్గు వెనక ఇంకోటుంది. "పెద్ద చర్చి వెనక మేడలో పుట్టాను, మా నాన్నది పొగాకు వ్యాపారం" అని చెప్పిందట ఆయనకి. అదేమిటమ్మా అంటే కూతురి మీద విరుచుకుపడింది. "చదువుకున్న మనిషే! వాళ్ళ నాన్న మునిసిపాలిటీలో ఉద్యోగం చేశాడట. మా సందు సంగతి తెలిస్తే మళ్ళీ ఈ ఊరి రైలెక్కుతాడా? నాకు ఇంకెన్నాళ్ళున్నాయని? ఉన్న నాలుగు రోజులూ నవ్వుకోనీ." ఆవిడ అంత భయపడటం నేనెన్నడూ చూడలేదు. నాకు మనసు చివుక్కుమంది.

జూన్‌లో ఒక ఆదివారం బేరెండ్ గారు మా ఊరు చూడ్డానికి వచ్చాడు. మా అత్తగారు కొత్త నీలం కోటు వేసుకుని, రైలు రాకముందే స్టేషన్లో ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తోంది. నా పడవ వంతు మధ్యాహ్నం గనక నేనూ లిసెట్టూ వెంట ఉన్నాం. ముందు చర్చి. పైన వాలు కమానుల మీద గుర్రమెక్కినట్టు కూర్చున్న రాతి మనుషుల్ని చూసి ఆయన మెడ నిక్కించి అలాగే ఉండిపోయాడు. జీన్సు వేసుకుని మొబైల్ చెవికి పెట్టుకున్న రాతి దేవదూతని చూపిస్తే పకపకా నవ్వాడు.

"ఎవరికి ఫోన్ చేస్తోందండీ?"

"పైవాడికే. ఆ ఫోనుకి ఒకటే బటను, మాట్లాడ్డానికి బిల్లు లేదు" అంది మా అత్తగారు, ఆ చర్చి తన పుట్టింటి వాళ్ళు కట్టించినంత గర్వంగా.

లోపల మేరీమాత దగ్గర ఆయన కాస్త వెనకాడాడు. వాళ్ళది ప్రొటెస్టెంట్ల ఊరు, విగ్రహానికి కొవ్వొత్తి అంటే తప్పు. అటూ ఇటూ చూసి, "మా పాస్టరుకి చెప్పకండేం" అంటూ ఒకటి వెలిగించాడు. మా అత్తగారి ముఖం కొవ్వొత్తి కంటే ఎక్కువ వెలిగింది.

తర్వాత బోల్. మా ఊరి బోల్ అంటే గుప్పెట్లో పట్టనంత గుండ్రటి మిఠాయి, పైన చాక్లెట్టు, లోపలంతా మీగడ. ఆయన ఫోర్కూ కత్తీ అడిగాడు.

"అయ్యో, చేత్తో తినండి మాస్టారూ! ముక్కుకి మీగడ అంటకపోతే తిన్నట్టు లెక్క కాదు."

"మా ఊళ్ళో అయితే దీన్ని నలుగురం పంచుకుంటామండీ."

"అందుకే మీ ఊళ్ళో అందరూ అంత సన్నంగా ఉంటారు!"

టై మీద మీగడ పడింది. ఆయన తుడుచుకోనైనా లేదు. అదిగో, అంత సంబరంలో ఉండగా జేబులోంచి రెండు టికెట్లు తీసి బల్ల మీద పెట్టాడు. "డ్రీకా గారూ, మీకు చెప్పకుండా ఇవి తీసుకున్నాను. మీ ఊళ్ళో ఇదే అన్నిటికన్నా గొప్పదని పుస్తకంలో చదివాను."

నా పడవ టికెట్లు. మా అత్తగారికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. వద్దంటే కారణం చెప్పాలి. "ఎంత బావుంది" అంది పళ్ళు బిగించి.

రేవులో నేను చెయ్యందిస్తే ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది. "ఒరే నౌట్, ఆ కంత దగ్గర నోరు విప్పావో, ఈ జన్మలో నా గుమ్మం తొక్కకు."

ఎందుకన్నదో నాకు తెలుసు. ఆ కంత ఇప్పటికీ ఉంది. పడవ నడిపే వాళ్ళమందరం దాని కింద ఆపి ఒక కథ చెబుతాం. ఊళ్ళో తరాలుగా నలుగుతున్న కథ, జనం కడుపు పట్టుకుని నవ్వే కథ. అది వీళ్ళింటి కథే.

పడవ నిండింది. చీకటి కమాను కిందికి వెళ్ళగానే జనం ఒక్కసారి "హా!" అన్నారు. నీళ్ళ మీద పడ్డ వెలుగు ఇటుకల మీద పాకుతూ మాతో పాటే వస్తోంది. బేరెండ్ గారు మడతమంచంలా మూడు మడతలు పడి, అయినా చంటిపిల్లాడిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. "అదేమిటి? ఆ తలుపు ఎక్కడికి? అబ్బ, చూడండి, చూడండి!" మా అత్తగారు చేతిసంచి పొట్టకి అదుముకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. ముక్కు ఎగబీల్చింది. "కంపేదీ?" అంది నాకు మాత్రమే వినబడేట్టు. తర్వాత రెండో కన్నూ తెరిచింది. గోడ పగుళ్ళలో మొలిచిన పచ్చని మొక్కల్ని చూసి, పిల్లలతో ఈదుతున్న బాతుని చూసి, చూస్తూనే ఉండిపోయింది. నాకు ఈల వెయ్యాలనిపించింది.

కంత దగ్గరికి వచ్చాం. నేను వేగం పెంచాను. ఇంతలో ముందు వరసలో ఒక భారీ మనిషి చెయ్యెత్తాడు.

"ఆగండాగండి! పోయినేడు కూడా వచ్చాను నేను. ఇక్కడే కదా ముసలమ్మ పళ్ళ కథ? మా ఆవిడకి వినిపిద్దామనే తీసుకొచ్చాను, చెప్పండి!"

"చెప్పండి, చెప్పండి" అన్నారు అందరూ. బేరెండ్ గారు అందరికన్నా గట్టిగా అన్నాడు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. పడవ ఆపి, నోటికొచ్చింది అనేశాను. "అదా? అది వట్టి కట్టుకథండీ. అలాంటిదేం జరగలేదని తేలింది."

నాలుక కరుచుకునే లోపలే వెనకనించి గొంతు లేచింది.

"కట్టుకథా? ఎవడ్రా తేల్చింది?"

మా అత్తగారు! భయం, బేరెండ్ గారు, పెద్ద చర్చి వెనక మేడ, అన్నీ మర్చిపోయింది. "అవి మా నాయనమ్మ పళ్ళు! కొత్త కట్టుడు పళ్ళు, ఊళ్ళో అప్పుచేసి కట్టించినవి! దగ్గు వచ్చింది, కంతలోంచి జారి నీళ్ళలో పడ్డాయి. మా నాన్న నడుముకి తాడు కట్టి మా అన్నలు కిందికి దింపారు. రొయ్యల వలతో తోడి తోడి పట్టుకొచ్చాడు. మా అమ్మ వాటిని సోడా వేసి ఉడకబెట్టింది. చచ్చేదాకా ఆవిడ వాటితోనే రొట్టె నమిలింది, నన్ను కూడా రెండుసార్లు కొరికింది! కట్టుకథంట!"

పడవ పడవంతా ఊగిపోయింది నవ్వులతో. భారీ మనిషి భార్య కళ్ళు తుడుచుకుంది. నేను ఎన్నిసార్లు చెప్పినా ఇంత నవ్వు రాలేదు.

అప్పుడు మా అత్తగారికి తెలివొచ్చింది. ముఖంలో రంగు పోయింది. నవ్వులు తగ్గాక, ఎవరికేసీ చూడకుండా, నెమ్మదిగా అంది. "బళ్ళో సన్యాసినమ్మలు మా సందు పిల్లల్ని వెనక, కిటికీ పక్కన కూర్చోబెట్టేవారు. మా దగ్గర వాసనని. చలికాలమూ కిటికీ తెరిచే ఉంచేవారు." తర్వాత బేరెండ్ గారి వైపు తిరిగింది. "మేడ లేదు మాస్టారూ. మా ఇల్లిదే. మీ రైలు ఐదింటికి కదా."

ఆయన టై సర్దుకున్నాడు, మీగడ మరక మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"మా ఊళ్ళో కాలువల మీద ఇళ్ళు తక్కువ" అన్నాడు. "ఇంటింటికీ మరుగుదొడ్లో ఒక పీపా ఉండేది. నిండిన పీపా తీసుకుని ఖాళీది పెట్టి వెళ్ళడానికి గుర్రబ్బండి వచ్చేది. మునిసిపాలిటీ బండి." గొంతు సవరించుకున్నాడు. "ఆ బండి మా నాన్నదే. శనివారాలు నేను పక్కన కూర్చునేవాణ్ణి. వీధిలో ఆడపిల్లలు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకునేవారు. నా భార్యకి కూడా చెప్పలేదు, నలభై ఆరేళ్ళు కాపురం చేసి."

 మా అత్తగారు చేతిసంచి పక్కన పెట్టి, ఆయన పెద్ద చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"మీ ఊరికి ఎప్పుడు తీసుకెళ్తావు నన్ను?"

"ఎప్పుడంటే అప్పుడు" అన్నాడాయన. "మా చర్చి గోపురం చాలా ఎత్తు. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది. మంచి మ్యూజియం ఉంది, అందులో..."

"గోపురం ఎక్కడికీ పోదు" అంది మా అత్తగారు. "ముందు ఆ బండి తిరిగిన వీధి చూపించు. నీ పక్కన నేను నడుస్తాను."