బొబ్బిలి రైల్లో లేని పరీక్ష

పెళ్లయి ఏడేళ్లు. ఇద్దరు పిల్లలు, పగలంతా బడి, పొద్దునా సాయంత్రం వంట. ఈ ఏడేళ్లలో ఒక్క నవల కూడా చివరిదాకా చదవలేదు. శ్రీకాకుళం లైబ్రరీ నుంచి ఒకే నవలను రెండుసార్లు తెచ్చి, నలభయ్యో పేజీ దగ్గరే ఆగిపోయి తిరిగిచ్చేశాను. మూడోసారి ఇస్తూ లైబ్రరీ ఆయన, "ఇంకొకరు అడుగుతున్నారమ్మా, సోమవారానికి తెచ్చేయండి" అన్నారు. అదే వారం మా బడి వీణకు తీగలు తేవడానికి బొబ్బిలి ఎవరు వెళ్తారని హెడ్మాస్టరుగారు అడిగితే, అందరికంటే ముందు నా చెయ్యి లేచింది.

బస్సయితే రాజాం మీదుగా మూడు గంటల్లోపే దించుతుంది. కానీ ఆ కుదుపులకు కంటి ముందు అక్షరం నిలవదు. అందుకే కావాలనే చుట్టుదారి పట్టాను. శనివారం ఆరింటికి బయల్దేరి ఆమదాలవలసలో ఏడింటి పాసింజరు ఎక్కాను. విజయనగరంలో బండి మారాలి. మూడో తరగతి టికెట్టు రెండు రూపాయల లోపే, పోయేది సగం రోజు. నాకు కావలసింది ఆ సగం రోజే.

ఎదురుగా ఎండుచేపల గంపతో ఒకామె కూర్చుంది. పొందూరులో ఎక్కిన నలుగురు పేకముక్కలు తీసి గోల మొదలుపెట్టారు. నేను ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు చదవడం ఆమె చూసింది.

"ఏ పరీచ్చకి సదువుతన్నావమ్మా?"

మావైపు పుస్తకం పట్టుకుంటే చదువు, చదువంటే పరీక్ష. ఊరికే చదువుతున్నానంటే ఏమనుకుంటుందో అని, "టీచర్ల పరీక్ష" అనేశాను.

ఆమె పేకాట వైపు తిరిగింది. "ఒరే, నోళ్లు ముయ్యండి! అమ్మకి పరీచ్చ ఉన్నాది."

వాళ్లు నిజంగానే గొంతులు తగ్గించారు. చీపురుపల్లి, గరివిడి దాటిపోయాయి. నేను నూట ఎనభయ్యో పేజీలో ఉన్నాను. ఎంత సంతోషమో చెప్పలేను.

విజయనగరంలో గంప తలకెత్తుకుంటూ ఆమె, "పాసైపోతావులే తల్లీ. అమ్మోరికి నీ పేరున కొబ్బరికాయ కొడతాను" అంది.

నాకు సిగ్గేసింది. "పరీక్ష లేదమ్మా. ఇష్టమై చదువుకుంటున్నాను, అంతే."

"ఏటీ! ఆ మాట సెప్పడానికేటి రోగం? ఇష్టమంటే మాత్రం ఆళ్ల నోరు ముయ్యించనా?"

విసురుగా వెళ్లిపోయింది. బొబ్బిలి చేరేలోపు నవల ముగిసింది. వీణలు చేసే ఆయన తీగలు చుట్టి ఇస్తుంటే ఆ చేపలామె చీవాట్లే చెవిలో ఉన్నాయి.

చదవడానికి తీరిక లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. అసలు ఆ తీరిక ఇమ్మని ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఆదివారం సాయంత్రం అత్తగారితో, రోజూ ఏడింటి నుంచి అరగంట చదువుకుంటానని చెప్పాను. "ఏటే, ఇప్పుడు పరీచ్చలేటి?" అన్నారు. "లేవండీ, నాకిష్టం" అన్నాను. ఆవిడ చిన్నదాన్ని చంకనెత్తుకుని వీధరుగు మీదికి వెళ్లారు.

ఈ బండిలో చదువుకుంటూ వెళ్లాలనుకునేవారు ఇంజనుకు దూరంగా వెనక పెట్టెల్లో కూర్చోండి, బొగ్గు నలుసులు కంట్లో పడవు. ఏ పరీక్షకని ఎవరైనా అడిగితే మాత్రం నిజమే చెప్పండి.