మోకాలి కింద వాత

పింఛను ఆఫీసు నుంచి వచ్చిన కాగితం చదివిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. మంచుకొండల్లో డ్యూటీలో జారిపడి, మోకాలు విరిగి, మిలిటరీ నుంచి కుంటుకుంటూ ఇంటికొచ్చిన మనిషి మా నాయన. ఆ కాలు ఉద్యోగంలో పోలేదట! చేరకముందే దెబ్బ ఉందట, దాచిపెట్టి చేరాడట! పింఛను లేదంటే లేదన్నారు. పింఛను సంగతి అలా ఉంచండి, మా నాయనను అబద్ధాలకోరు అన్నట్టే కదా!

తప్పంతా ఒక మచ్చది. మోకాలి కింద మచ్చ చూసి మిలిటరీ డాక్టరు "ఇది ఎప్పటినుంచి?" అంటే, నాయన "చిన్నప్పటినుంచి సార్" అన్నాడు. డాక్టరు అడిగింది కాలి దెబ్బ గురించి; నాయన మచ్చ గురించే అనుకున్నాడు పాపం. అది వాత. పసిబిడ్డలకు ఫిట్స్ రాకూడదని మా కంబదూరు పక్క పల్లెల్లో అప్పట్లో ఇనుప కడ్డీ కాల్చి పెట్టించేవాళ్లు. పెట్టించింది నాయన తల్లి, మా జేజి. సంగతి తెలిసినప్పటినుంచి ఆమె సరిగా ముద్ద ముట్టలేదు. "నా కొడుకు నోట్లో మన్ను కొట్టింది నేనే" అని ఒకటే ఏడుపు.

అప్పీలు చేస్తే బెంగళూరులో మళ్లీ పరీక్షకు పిలిచారు. నేనూ నాయనా బస్టాండుకు పోయేసరికి జేజి కొత్త చీర కట్టుకుని, చిన్నాయనలిద్దరినీ వెంటేసుకుని నిలబడి ఉంది!

"యాడికి మా?" అన్నాడు నాయన.

"నోరు మూసుకోని పదప్పా" అంది.

బెంగళూరు ఆస్పత్రిలో నాయనను ఒక్కడినే లోపలికి రమ్మన్నారు. కొత్త డాక్టరు కూడా నేరుగా ఆ మచ్చ మీదే వేలు పెట్టడం తలుపు సందులోంచి చూశాం. అంతే! బంట్రోతు వద్దంటున్నా జేజి తోసుకుని పోయింది.

"ఏమప్పా డాక్టరూ! ఆ వాత పెట్టించింది నేను. ముగ్గురు కొడుకులకీ పెట్టించినా. ఎత్తండ్రా పంచెలు!"

చిన్నాయనలు సిగ్గుపడుతూనే పంచెలు పైకి లాగారు. ఎడమ మోకాలి కింద, అదే చోట, అదే మచ్చ!

"వీళ్లు కుంటుతాండారా? ఏయ్, నడవండ్రా!"

ఇద్దరూ ఆ గదిలో కవాతు చేశారు! తెలుగు రాని డాక్టరుకు నాయన హిందీలో చెప్పబోయి నవ్వాపుకోలేకపోయాడు. డాక్టరూ నవ్వేశాడు. తర్వాత వాత సంగతంతా నాయన నోట విని, ముగ్గురి మచ్చలూ తడిమి, నాయన జారిపడ్డప్పటి ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. వాతకూ ఈ దెబ్బకూ సంబంధం లేదని, కాలు సర్వీసులోనే పోయిందని, అలాగే రాస్తున్నానని చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను!

తిరుగు బస్సులో ఒకటే సందడి. జేజి మాత్రం నాయన ప్యాంటు పైకి మడిచి, ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టుకుని కూర్చుంది.

"ఆ పొద్దు ఎంత ఏడ్చినావో అప్పా" అంది.

"నాకు గ్యాపకం లేదు మా."

"నాకుండాది" అంది జేజి.