తాళం తాత అనుమానం

ఆ కోర్టు బంట్రోతును ప్లీడర్లంతా తాళం తాత అనేవాళ్లు. తాళం వేసి మూడుసార్లు గుంజి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి గుంజేవాడు. ఇరవై ఎనిమిదేళ్ల కొలువులో ఆయన నమ్మింది ఆ ఇత్తడి తాళాన్నే. అదీ సగమే.

అలాంటి మనిషి నెత్తిన ఇద్దరు మేజిస్ట్రేట్లు వచ్చిపడ్డారు. పాతాయన బదిలీ ఆగిందని ఒక కాగితం చూపిస్తాడు, కొత్తాయన చేరమన్న ఉత్తర్వు చూపిస్తాడు. ఆ కోర్టులో ఒక ఆనవాయితీ ఉంది: బంట్రోతు హాలు తలుపు తీసి ఎవరికి కుర్చీ లాగితే ఆ పూటకు పీఠం వాళ్లదే. ఆ శుక్రవారం పొద్దున ఇద్దరూ చెరో వరండాలో కాచుకుని కూర్చున్నారు. ఏనాడూ పలకరించని గుమాస్తా పిలిచి మరీ టీ ఇప్పించాడు. తాత దాన్ని వాసన చూసి పక్కన పెట్టేశాడు.

"పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా తలుపు తీసేది లేదు" అని తాళంచెవిని చొక్కాలో దోపుకున్నాడు.

అంతలో బట్టలు కుట్టే ఒకామె వచ్చింది.

"బాబాయ్, మావాడి బెయిలు కాగితం మీద పాతయ్యగారు నిన్న సాయంత్రమే సంతకం చేశారు. లోపల బల్లమీదే ఉంది. రేపు పొద్దున వాడికి ఆఖరి పరీక్ష. గుమాస్తాగారు ముద్ర కొట్టిస్తే తీసుకుని పోతా. ఒక్క నిమిషం తలుపు తియ్యి."

తాత కళ్లు చిన్నవయ్యాయి. పాతయ్యగారి సంతకమట! తలుపు తీయించే ఎత్తు కాక మరేమిటి?

"నిన్నెవరు పంపారమ్మా?"

"ఎవరు పంపుతారు బాబాయ్? వాడు నా కొడుకు."

"ఇలాంటి ఏడుపులు చాలా చూశాలే. పోయి ఆ చివర కూర్చో."

ఆమె పోయి కూర్చుంది. తిండీ నీళ్లూ లేకుండా అలాగే కూర్చుంది. తాత ఓరకంట చూస్తూనే ఉన్నాడు, ఎవరైనా వచ్చి ఆమె చెవిలో ఏదైనా ఊదుతారేమోనని. ఒక్కరూ రాలేదు.

నాలుగింటికి పై కోర్టు ఉత్తర్వు వచ్చింది. పీఠం కొత్తాయనదే. తాత తలుపు తీశాడు. బల్లమీద కాగితం ఉంది. నిన్నటి తేదీ, కింద సంతకం. ముద్ర ఒక్కటే పడలేదు.

కొత్తాయన దాన్ని చూసి మొహం చిట్లించాడు. "ఆయన సంతకం మీద ముద్ర పడదు. సోమవారం మళ్లీ వింటాను."

తాతకు తన మీద తనకే అసహ్యం వేసింది. పొద్దున తలుపు తీసి ఉంటే గుమాస్తా ముద్ర కొట్టి ఇచ్చేసేవాడు. వరండా చివరికి వెళ్లి ఆమె ముందు నిలబడి సంగతంతా చెప్పాడు.

"నువ్వు చెప్పింది నిజమే తల్లీ. కాగితం అక్కడే ఉంది."

ఆమె సంచి భుజాన వేసుకుంది.

"అది నాకు పొద్దున్నే తెలుసు బాబాయ్."