తప్పులు నింపే సుబ్బరాయుడు గారు

సుబ్బరాయుడు గారు చేతికి అందిన ఏ ఫారాన్నీ సరిగ్గా నింపరు. చేతకాక కాదు. కళ్ళజోడు తుడుచుకుని, కాసేపు ఆలోచించి, పట్టుబట్టి మరీ తప్పు నింపుతారు. యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి, కాపురం తార్నాక, మాట మాత్రం ఇప్పటికీ ప్రొద్దుటూరుదే.

ఒకసారి బ్యాంకు ఫారంలో పుట్టిన తేదీ ఫిబ్రవరి ముప్పై ఒకటి అని రాసి, కౌంటరు అమ్మాయి ఎప్పుడు పట్టుకుంటుందా అని అరగంట నిలబడ్డారు. కళ్ళ డాక్టరు దగ్గర వయసు గడిలో బరువు, బరువు గడిలో వయసు రాశారు. రెండూ యాభై ఎనిమిదే కావడంతో ఎవరూ పట్టుకోలేదు. ఆ రోజంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదు. అప్పటినుంచి ఆయన భార్య కమలాదేవి గారు ఇంట్లోకి ఏ ఫారం వచ్చినా బియ్యం డబ్బాలో దాచడం మొదలుపెట్టారు.

బావమరిది పేరయ్య కూతురి పెళ్ళికి ఎంతమంది వస్తారో చెప్పమని ఫోన్లో ఫారం పంపితే, ఈయన మైనస్ రెండు అని కొట్టారు.

"బావా, మైనస్ రెండేంది? వస్తాండావా, మా ఇంట్లో ఇద్దర్ని తీస్కపోతాండావా?" అని పేరయ్య ఫోన్ చేశాడు.

"నీ ఫారం ఏమన్నా అనిందా?"

"ధన్యవాదాలు అనింది."

"చూస్తివా మరి," అని సుబ్బరాయుడు గారు సంతోషంగా ఫోన్ పెట్టేశారు.

ఇలాంటి మనిషి చేతిలో పడింది సింధూజ. ఏడాది కాంట్రాక్టు మీద చేరిన ప్రోగ్రామరు. మెట్టుగూడలో మెట్రో ఎక్కి, కూర్చునేలోపే తార్నాకలో దిగి, క్యాంపస్‌లోకి దాదాపు పరుగెత్తే పిల్ల. ఆమె పరుగుకి కారణం ఉంది. యూనివర్సిటీకి నలభై రెండు ఆన్‌లైన్ ఫారాలు. ప్రతి దాన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు విడిగా రాశారు. ఒక ఫారం ఒప్పుకున్న పేరుని ఇంకోటి ఒప్పుకోదు. అందుకని పేరు గడి, తేదీ గడి, చిరునామా గడి, ఫోటో గడి ఒక్కొక్కటి ఒక్కసారే గట్టిగా తయారుచేసి, ఏ ఫారానికి కావలిస్తే దానికి తగిలించుకునేలా ఒక లైబ్రరీ కట్టమన్నారు. గడిలో తప్పు దిద్దితే నలభై రెండు చోట్లా దిద్దినట్టే.

"ఒకటో తారీఖున పీజీ అడ్మిషన్ ఫారం కొత్త గడులతో తెరవాలి. తెరిస్తే నీ రెన్యువల్ ఫైలు కదులుతుంది. లేకపోతే నా చేతుల్లో ఏం లేదమ్మా," అని డైరెక్టర్ రఘువీర్ ముందే చెప్పారు. గడులు కట్టడం సింధూజ పని, పరీక్షించి ముద్ర వేయడం సుబ్బరాయుడు గారి పని. ముద్ర పడితేగాని ఫారం తెరుచుకోదు.

ముద్ర పడితే కదా. ఆయన ఒక చోట కూర్చునే రకం కాదు. గదికీ వరండాకీ మధ్య పది నిమిషాలకోసారి తిరుగుతూ, ప్రతి రాకలోనూ ఒక తప్పు పట్టుకొచ్చేవారు.

"పాపా, నీ తేదీ గడిలో నేను రేపు పుడతాండాను."

"ఒప్పుకోలేదు కద సార్?"

"ఒప్పుకోలేదు. 'ఇన్వాలిడ్ డేట్' అనింది. ఇంటికొచ్చిన మనిషి చెప్పులు తప్పు చోట ఇడిస్తే ఇన్వాలిడ్ అంటామా? 'ఈ తేదీ ఇంకా రాలేదండీ, ఒకసారి చూసుకోండి' అని చెప్పల్ల."

సరే, అలాగే రాసింది. మర్నాడు చిరునామా గడిలో ఇంటి నంబరు బదులు 'గుడి ఎనక' అని కొట్టారు. ఆ మర్నాడు తండ్రి పేరు ఖాళీగా వదిలేశారు.

"అది తప్పనిసరి సార్. తండ్రి అందరికీ ఉంటాడు కదండీ," అంది సింధూజ.

"ఉంటాడు. రాయడం ఇష్టం లేకపోతే?"

"అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు సార్?"

"ఒకరుంటే చాలదా?"

చాలుతుంది, కానీ ఒకటో తారీఖు ఆగుతుందా? మంగళవారం ఫోటో గడిలో తన స్కూటరు ఫోటో పెట్టారు. బుధవారం పెళ్ళి గ్రూపు ఫోటో పెట్టి, "ఇందులో మూడో వరసలో ఎడమ పక్క నేనే," అన్నారు. గురువారం ఫారమంతా నింపి, చివరి గడిలో తప్పు చేసి, పైనవన్నీ చెరిగిపోయాయని చూపించారు. సింధూజకి టీ కూడా సహించడం లేదు. మెట్రోలో నిలబడి వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకునేది. నాలుగు రోజులే మిగిలాయి.

ఉండబట్టలేక రఘువీర్ దగ్గరికి వెళ్ళింది.

"ఆయనకి రిటైర్మెంట్ దాకా కాలక్షేపం కావాలమ్మా. నువ్వు ఆయన తప్పుల చిట్టా ఒకటి తెచ్చి జతచెయ్యి, ముద్ర నేను వేస్తా. తెరిచేద్దాం," అన్నారాయన తేలిగ్గా.

సింధూజ ప్రాణం లేచొచ్చింది. సుబ్బరాయుడు గారు గదిలో లేరు. బల్లమీద చిట్టా కూడా లేదు. అటెండరు భూపాల్ బీరువా చూపించాడు. "గదే మేడం, సార్ దినాం చూసే కట్ట."

తీసి విప్పింది. అది చిట్టా కాదు. పోయినేడు పీజీ అడ్మిషన్లకి పెట్టుకుంటే తిరగ్గొట్టిన దరఖాస్తులు, రెండొందల పన్నెండు. మొదటి దాంట్లో ఇంటి నంబరు గడిలో 'గుడి వెనక' అని ఉంది. తండా అది, ఇళ్ళకి నంబర్లు లేవు. తర్వాతి దాంట్లో తండ్రి పేరు ఖాళీ. ఇంకోదాంట్లో పెళ్ళి గ్రూపు ఫోటో, ఆ పిల్లకి ఉన్న ఒకే ఒక్క ఫోటో అదేనని వెనక రాసి ఉంది. ఒక్కో కాగితం కింద సుబ్బరాయుడు గారి పెన్సిల్ రాత: 'మాట్లాడినా. బట్టల షాపులో చేరిందంట. కొత్త ఫారం వచ్చినాక చెప్తానన్నా.' 'మూడుసార్లు చేసినా. ఎత్తలేదు. మళ్ళీ చెయ్యల్ల.' కొత్త గడులు ఒప్పుకున్న దరఖాస్తులకి టిక్కు పెట్టి ఉంది. టిక్కు లేనివి పంతొమ్మిది.

"రోజు గంటసేపు గా చెట్టుకింద తిరుక్కుంట ఫోన్లే చేస్తడు మేడం. ఎవల్తోని మాట్లాడుతున్నవ్ సార్ అంటే, నా బ్యాచ్‌మేట్లు అంటడు," అన్నాడు భూపాల్.

సింధూజకి సిగ్గేసింది. ఈయన తప్పులు పుట్టించడం లేదు. ఒక్కొక్కరి తప్పునీ తను చేసి, ఆ పిల్లల చేయి పట్టుకుని గడి దాటిస్తున్నారు. తను ఇన్నాళ్ళూ ఈయన్ని మనసులో ఏమేం అనుకుందో తలుచుకుని, కట్ట మళ్ళీ జాగ్రత్తగా కట్టి, రఘువీర్ గదికి వెళ్ళింది.

"సార్, నాలుగో తారీఖు దాకా ఆగాలి. పంతొమ్మిది మిగిలాయి."

"ఆలస్యం ఎవరి పేరున రాయమంటావు?"

"నా పేరునే రాయండి."

ఆయన ఫైల్లో ఒకటో తారీఖు కొట్టేసి నాలుగు అని రాసి, పక్కన ఆమె పేరు రాసుకున్నారు.

ఆ వారం సుబ్బరాయుడు గారు ఒక తప్పు పట్టుకొస్తే సింధూజ రెండు పట్టుకెళ్ళింది. నాలుగో తారీఖు పొద్దున పదింటికి ఫారం తెరిచారు. రెన్యువల్ కూడా ఆ రోజే వచ్చింది, ఏడాదికి కాదు, ఆరు నెలలకి. అది శిక్షో మెచ్చుకోలో రఘువీర్ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు, ఎందుకంటే అప్పుడే సుబ్బరాయుడు గారి ఫోన్ ఆగకుండా టింగుమనడం మొదలైంది.

ఓటీపీ వచ్చింది. వెంటనే ఇంకోటి. పదకొండింటికల్లా పదిహేడు. ఆయన దరఖాస్తే పెట్టలేదు. బిత్తరపోయి చూస్తుండగా ఒక ఫోన్ వచ్చింది.

"సార్, నేను అలేఖ్యని. బట్టల షాపు. ఓటీపీ వచ్చిందా సార్?"

"నీది నాకెందుకు వస్తాదమ్మా?"

"ఫోన్ నంబర్ గడిలో మీది పెట్టిన సార్. మాకున్నది మా అన్న ఫోన్ ఒక్కటే, ఆయన ఎత్తడు. మీరైతే ఎత్తుతరు కద. మీరు ఫోన్ చేసినోళ్ళమంత ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నం, అండ్ల అందరికీ గట్లనే చెప్పిన."

సుబ్బరాయుడు గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన కూర్చోవడం సింధూజ చూడటం అదే మొదలు. ఒకే నంబరుతో పదిహేడు మంది వస్తారని ముప్పై ఏళ్ళలో ఆయనకి తోచలేదు. మొహంలో కోపం లేదు, కాస్త అసూయ మాత్రం కనబడింది.

"ఈ తప్పు నాకు తట్టలేదే పాపా," అన్నారు.

"ఒకే నంబరు రెండుసార్లు రాకుండా ఆపేయనా సార్? ఒక్క చోట మారిస్తే చాలు."

"ఆపినావంటే చూడు," అని కసిరి, కళ్ళజోడు పెట్టుకుని అలేఖ్యకి అంకెలు చదవసాగారు. అవతల ఇంకో కాల్ వెయిటింగ్‌లో ఉంది. పది నిమిషాలు దాటితే ఓటీపీ చెల్లదు. సింధూజ కుర్చీ దగ్గరికి లాక్కుని, పెన్సిలు తీసుకుని, ఎవరికి ఏ అంకెలో రాయడం మొదలుపెట్టింది.